కత్తి పట్టడం వస్తే చాలదు, ఆసుపత్రి నడపడమూ రావాలి

పెళ్లి విందుకు వంటవాణ్ణి మాట్లాడేటప్పుడు మనం కూర రుచి ఒక్కటే చూడం. వెయ్యి విస్తళ్లు వేళకు లేస్తాయా, సరుకు చాలుతుందా, వడ్డించే మనుషులున్నారా అని కూడా అడుగుతాం. ప్రాణాలు నిలిపే డాక్టరు విషయంలో మాత్రం ఈ రెండో ప్రశ్న అడిగేవారు కరవయ్యారు.

ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్లు చదివి ఎం.డి., ఎం.ఎస్. పట్టాలు పొందినవారే స్పెషలిస్టులుగా మన ఏరియా ఆసుపత్రులకు, జిల్లా ఆసుపత్రులకు వస్తారు. ఆఖరి పరీక్షలో వారికి నాలుగు పేపర్లు, ప్రాక్టికల్, మౌఖిక పరీక్ష ఉంటాయి. రోగం గుర్తించగలరా, వైద్యం చేయగలరా అన్నది అక్కడ తేలుతుంది. ఉద్యోగంలో చేరాక వార్డు బాధ్యత, మందుల ఇండెంటు, సిబ్బంది డ్యూటీల తగాదాలు అన్నీ నెత్తిన పడతాయి. కొన్నేళ్లకు సూపరింటెండెంటు కుర్చీ కూడా రావచ్చు. ఆ నేర్పు ఉన్నదీ లేనిదీ పరీక్ష హాలులో తేలేది కాదు.

ఇదంతా కాగితాల పని అనుకుంటే పొరపాటు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది రోగులు మరణించారు. రావలసిన ట్యాంకరు ఆలస్యమైంది. ఆనాటి వైద్యులను తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. నిల్వ ఎంత ఉంది, ఎన్ని గంటలకు వస్తుంది, బండి రాకపోతే దారేది అన్న లెక్క కూడా వైద్యంలో భాగమేనని ఆ రాత్రి రుజువైంది.

ఈ నేర్పును పరీక్షించడానికి వీలు లేకపోలేదు. పి.జి. వైద్య విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని 2020లో నిబంధన వచ్చింది. 2023 నిబంధనలు దాన్ని కొనసాగించి, 50 పడకలకు తగ్గని ప్రభుత్వ ఆసుపత్రి అయితే చాలన్నాయి. ఈ శిక్షణ సంతృప్తికరంగా పూర్తిచేయనిదే ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంత మంచి ఏర్పాటు ఉండగా, హాజరు చూసి సంతకం పెట్టి పంపేస్తే ఆ మూడు నెలలూ ఖాళీ పోస్టులు నింపే చాకిరీగా మిగులుతాయి.

అక్కడ చూడవలసినవి పెద్ద విద్యలేమీ కావు. వార్డుకు నెల రోజుల డ్యూటీ చార్టు ఎవరికీ అన్యాయం జరగకుండా వేయగలరా? పాముకాటు మందు అయిపోకముందే ఇండెంటు పెట్టించగలరా? ఓ.పి. వద్ద ముసలివాళ్లు గంటలకొద్దీ నిలబడకుండా వరుస సర్దగలరా? గర్భిణిని పై ఆసుపత్రికి పంపేటప్పుడు అక్కడికి ముందుగా ఫోను చేసి, ఇచ్చిన మందులు చీటీపై రాసి, 108 బండి కదిలేదాకా కనిపెట్టుకుని ఉన్నారా? ఒక మరణం జరిగితే నెపం నర్సుమీద నెట్టకుండా, ఎక్కడ లోపం జరిగిందో అందరినీ కూర్చోబెట్టి విచారించగలరా?

వీటికి మార్కులు వేయడం ఒక్క అధికారి చేతిలో ఉండరాదు. స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ అభిప్రాయం కూడా తీసుకోవాలి. బ్రిటన్‌లో శిక్షణలో ఉన్న డాక్టర్ల గురించి తోటి సిబ్బందిని ఇలాగే అడుగుతారు. కెనడా వారి స్పెషలిస్టు శిక్షణలో నిర్వహణ సామర్థ్యం ఏనాడో చేరింది. 2015లో దానికి నాయకత్వం అని పేరు మార్చారు.

కోపం ఉన్నవారు కక్ష తీర్చుకోరా అని కొందరి సందేహం. పేర్లు బయటపెట్టకుండా పదిమందిని అడిగితే ఒకరి కోపం తేలిపోతుంది. పైగా మొదటిసారే తప్పించనక్కరలేదు. లోపం చెప్పి, దిద్దుకోవడానికి నెల గడువిచ్చి మళ్లీ చూడాలి. చేతిలో అధికారం లేని విద్యార్థిని ఆసుపత్రి లోటుపాట్లకు బాధ్యుణ్ణి చేయకూడదన్న మాట కూడా న్యాయమే. ఉన్న సరంజామాతో ఎలా నెట్టుకొచ్చారన్నదే చూడాలి.

వైద్య విశ్వవిద్యాలయాలు, జిల్లా అధికారులు ఈ మూడు నెలల శిక్షణకు ఒక పద్ధతి ప్రకారం పరీక్ష ఏర్పాటు చేయాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సభ్యులు కూడా సమావేశాలలో ఈ సంగతి అడగాలి. రేపు మన బిడ్డను ఆ మంచంమీద పడుకోబెట్టినప్పుడు, మంచి డాక్టరుతోపాటు నిండిన సిలిండరు కూడా పక్కన ఉండాలి.