గాలివానకు లేచిన ఇంటి కప్పు: బీమా సొమ్ము అందాలంటే మొదటి రెండు రోజులే కీలకం

కోటప్పకొండ: తుపాను అంటే తీరప్రాంతం వారి బాధ అనే అభిప్రాయం పల్నాడు గ్రామాలలో ఇప్పటికీ ఉంది. అది సరికాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అప్పుడు తీరంలో గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. తీరం దాటాక గాలి బలం తగ్గే మాట నిజమే. కాని బాపట్ల మనకు అంత దూరం కాదు. పైగా ఏటా వేసవిలో వచ్చే ఈదురుగాలులకు తుపానుతో పనిలేదు. పావుగంట వీచినా చాలు, రేకులు పొలాల్లో పడతాయి.

అలాంటి గాలివాన వెలిసిన తర్వాత పంట నష్టం గురించి అందరూ మాట్లాడతారు. ఇంటి కప్పు సంగతి మాత్రం ఇంటివారి సొంత గొడవగా మిగిలిపోతున్నది. ప్రభుత్వ సాయం ఎంత, బీమా ఎంత, ఏది ఎవరిని అడగాలి అన్న విషయం తెలియక నష్టపోయేవారు ఎక్కువ.

సాయం వేరు, బీమా వేరు

ప్రభుత్వం ఇచ్చేది పరిహారం కాదు, తక్షణ సాయం. 2022–23 నుంచి 2025–26 వరకు వర్తించేలా కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, పూరిపాకకు 8,000, పశువుల పాకకు 3,000 రూపాయలు. సగం కప్పు లేచిపోయిన రేకుల ఇంటికి కొత్త రేకులు, హుక్కులు, రవాణా, కూలి లెక్కవేస్తే 6,500 ఏ మూలకు చాలుతుంది? మిగిలిన బరువు మోయవలసింది ఇంటి బీమాయే.

అయితే బీమా ఉన్నదని అనుకునే వారిలో చాలామందికి ఉన్నది ఇంటి బీమా కాదు. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 436 రూపాయలు, 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి పథకాలలో మొదటిది ప్రాణానికి, రెండవది ప్రమాదానికి. పంటల బీమా పంటకే. ఇంటి అప్పు తీసుకున్నప్పుడు కట్టించుకునే ‘లోను ఇన్సూరెన్సు’ కూడా కొన్నిచోట్ల రుణగ్రహీత ప్రాణం మీద తీసుకున్నదే అయి ఉంటుంది. వీటిలో ఏదీ లేచిపోయిన రేకుకు పైసా ఇవ్వదు.

దీనికి విరుద్ధమైన సంగతి కూడా ఉంది. గృహరుణం ఇచ్చేటప్పుడు బ్యాంకులు సాధారణంగా ఇంటికి అగ్నిప్రమాద బీమా చేయిస్తాయి. ప్రీమియం రుణ ఖాతాలోనే పడుతుంది, పత్రం బ్యాంకు ఫైలులో ఉంటుంది. పేరు అగ్నిప్రమాద బీమా కావటంతో తుపానుకు వర్తించదని ఇంటివారు అడగనే అడగరు. అప్పు ఉన్నవారు ఖాతా పుస్తకం తీసి, బీమా కింద ఏమైనా కోసుకున్నారేమో చూసి, పాలసీ నకలు అడిగి తెచ్చుకోవటం మొదటి పని.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీని ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అగ్ని, పిడుగు, తుపాను, గాలివాన, వరద, భూకంపం మొదలైనవి ఇందులో ఉన్నాయి. ఇంటిని తక్కువ విలువకు బీమా చేశారనే పేరుతో నష్టంలో కోత పెట్టటం ఈ పాలసీలో లేదు. పాత పద్ధతిలో పది లక్షల ఇంటికి ఐదు లక్షలకే బీమా ఉంటే లక్ష నష్టానికి యాభై వేలే వచ్చేది. అయితే ఇంటి విస్తీర్ణం, కట్టుబడి తీరు నిజం చెప్పి ఉండాలి. తాటాకు, గడ్డి, వెదురు కప్పులు కచ్చా కట్టడాల లెక్కలోకి వస్తాయి కనుక దాచి శ్లాబు అని రాయిస్తే కష్టకాలంలో ఆ పత్రం అక్కరకు రాదు.

గాలి దెబ్బా, పాతబడిందా?

బీమా తగాదాలలో అసలు చిక్కు ఇక్కడే. పాలసీ గాలివాన చేసిన నష్టానికి ఇస్తుంది గాని కాలం చేసిన అరుగుదలకు ఇవ్వదు. సర్వేయరు వచ్చి ముందు చూసేది ఈ తేడానే. ఆ తేడా ఇంటివారికీ తెలిసి ఉండాలి.

తిరునాళ్లకు ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కట్టి, మోకులు బిగించి కొండకు నడిపించే ఊళ్లవారికి గాలి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఇంటి విషయంలో గాలి కప్పును తోయటం కంటే పైకి లాగటం ఎక్కువ. ముందుగా చూరు అంచులు, మూలలు, నడికొప్పు లేస్తాయి. కాబట్టి నష్టం అక్కడ మొదలై లోపలికి సాగితే అది గాలి పనే అనటానికి బలమైన ఆధారం.

రేకుల కప్పులో హుక్కు రంధ్రాలు చూడాలి. గుండ్రని రంధ్రం సాగి కోలగా మారినా, వాచరు చిరిగినా, హుక్కు వంగినా గాలి లాగినట్లే. రంధ్రం నుంచి అంచు వరకు పోయిన సిమెంటు రేకు పగులు కొత్తదైతే లోపల తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. పాత పగులులో దుమ్ము, నాచు, నలుపు కనిపిస్తాయి.

పెంకుటింట్లో పట్టపగలు లోపల నిలబడి పైకి చూస్తే వెలుతురు పడే చోట్లు తెలుస్తాయి. పెంకులు వరుసగా జారినా, కొప్పు పెంకులు కదిలినా గాలి నష్టం. ఒక్కొక్క పెంకు అక్కడక్కడ చిట్లి ఉంటే పాతదనే వాదన వస్తుంది. దూలం గోడ మీద ఆనే చోట కొత్త బీట ఉంటే కప్పు మొత్తం కదిలిందని గ్రహించి, ఆ గదిలో పడుకోవటం మానాలి.

డాబా ఇళ్లలో శ్లాబు గాలికి లేవదు. పిట్టగోడ పడటం, నీళ్ల ట్యాంకు ఎగరటం, చెట్టు విరిగి పడటం వంటివి స్పష్టమైన నష్టాలు. వాన వచ్చినప్పుడల్లా కారే శ్లాబును మాత్రం తుపాను ఖాతాలో వేస్తే నిలవదు. పైగా నిజమైన నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

పరీక్షించేటప్పుడు ముందుగా మెయిన్ ఆపాలి. తెగిన తీగ రేకుకు తగిలి ఉంటే లైన్‌మన్ వచ్చేదాకా ముట్టుకోరాదు. సిమెంటు రేకులపై నేరుగా కాలు పెట్టరాదు, విరిగిపడే ప్రమాదం ఉంది. ఆస్‌బెస్టాస్ కలిసిన పాత రేకుల పొడి ఊపిరితిత్తులకు హాని. ముక్కలను తడిపి తీయాలి గాని పొడిగా నరకరాదు.

ఏం చేయాలి?

మర్నాడే మేస్త్రీని పిలిచి కప్పు సరిచేయించటం మనవారి అలవాటు. వానలో పిల్లలతో ఉండలేక చేసే పని అది, తప్పుపట్టలేం. కాని సర్వేయరు వచ్చేసరికి కొత్త రేకులు కనిపిస్తే పాత నష్టానికి సాక్ష్యం ఏది? అందువల్ల తాత్కాలికంగా పట్టా కప్పుకోవాలి. నష్టం పెరగకుండా చూసుకోవటం పాలసీదారు బాధ్యత కూడా. పట్టా బిల్లు దాచుకోవాలి. విరిగిన రేకులు, వంగిన హుక్కులు ఒక మూల పోగుచేసి ఉంచాలి.

పట్టా కప్పకముందే సెల్‌ఫోనుతో ఫొటోలు తీయాలి. మొదట ఇల్లంతా, తర్వాత ఒక్కొక్క పక్క, తర్వాత ఒక్కొక్క దెబ్బ. తడిసిన ధాన్యం, మంచాలు, టీవీ కూడా వదలరాదు. కంపెనీకి వెంటనే ఫోనులో తెలిపి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. తర్వాత లిఖితపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోవాలి. గృహ రక్ష పాలసీలో నష్టం గమనించిన 30 రోజులలోగా క్లెయిము ఫారం అందాలి.

గ్రామ రెవెన్యూ అధికారి నష్టం నమోదుకు వచ్చినప్పుడు పేరు రాయించుకుని, తహసీల్దారు కార్యాలయం నుంచి ధ్రువపత్రం కోరాలి. ఇంటిపన్ను రసీదు, మేస్త్రీ కొలతలతో రాసిచ్చిన అంచనా జతచేయాలి. పేరులేని ఈదురుగాలి అయితే ఆ రోజు వాతావరణ శాఖ హెచ్చరిక, పత్రికలో వచ్చిన వార్త కత్తిరింపు కూడా ఉపకరిస్తాయి.

2024లో నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటలలో సర్వేయరును నియమించాలి. ఆయన 15 రోజులలో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన 7 రోజులలో కంపెనీ నిర్ణయం చెప్పాలి. సర్వేయరు వచ్చినప్పుడు ఇంటివారు దగ్గరుండి చూపించాలి. సొమ్ము తక్కువ వచ్చిందనిపిస్తే ‘పూర్తి పరిష్కారం’ అనే కాగితంపై తొందరపడి సంతకం చేయకుండా, అభ్యంతరం రాసి ఇవ్వటం మంచిది.

నిరాకరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెలరోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. నియంత్రణ సంస్థ ఫిర్యాదు నంబరు 155255. వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉంటుంది.

ఇంత యంత్రాంగం ఉన్నా చేతిలో పాలసీ కాగితం లేనివాడికి అది అక్కరకు రాదు. బ్యాంకులు ఇంటి అప్పు ఇచ్చిన ప్రతివారికీ పాలసీ నకలు చేతికివ్వాలి. అది దేనికి వర్తిస్తుందో తెలుగులో ఒక్క పేజీ జతచేయాలి. గ్రామ సచివాలయాలు నష్టం నమోదుచేసినప్పుడు దాని నకలును ఇంటివారికి ఇవ్వాలి. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. ఈ రెండూ జరిగితే వచ్చే గాలివానకు కప్పు లేచినా కుటుంబం అప్పుల్లో పడకుండా ఉండే వీలుంటుంది. సంబంధిత అధికారులు, బ్యాంకుల వారు ఈ విషయంపై వానలు రాకముందే శ్రద్ధ వహించవలసి ఉంది.