మంజీరా ఒడ్డున ఒక పగలు

యాప్రాల్‌లో పెరుగుతున్న మా పిల్లలకు నీళ్లంటే కుళాయి, లేదా కాప్రా చెరువు. చెరువును గట్టు మీది నుండి చూడవలసిందే. అందుచేత గత శీతాకాలంలో మూడు కుటుంబాల వారము కలిసి మేడ్చల్, తూప్రాన్‌ల మీదుగా మెదక్ ప్రాంతానికి వెళ్లి, మంజీరా ఒడ్డున ఒక పగలంతా గడిపి వచ్చాము.

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన ఈ నది కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మెదక్ సమీపాన ఏడు పాయలుగా చీలి బండల నడుమ సాగుతుంది. అక్కడికి చేరువలోనే ఘనపూర్ ఆనకట్ట ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1905లో కట్టినది. దాని కాలువలు రెండింటినీ నేటికీ మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే పిలుస్తారు.

పిల్లలు ఇసుకలో చెలమలు తోడారు. మేము మోకాలి లోతు నీటిలో స్నానాలు చేశాము. ఇసుక మీదనే జమాఅత్‌తో జుహర్ నమాజు అయింది. బగారా అన్నం, దాల్చా తిని చేతులు కడుగుకుంటుండగా మా చిన్నమ్మాయి అడిగింది: "అబ్బా, అమ్మీ చెప్పులకు కాపలా కాయడానికే వచ్చిందా?"

అప్పుడు చూశాము. ఉదయం నుండి స్త్రీలంతా జంపఖానా దగ్గరనే ఉన్నారు. పొయ్యి, గిన్నెలు, మా ఫోన్లు, మా చెప్పులు వారి చుట్టూ ఉన్నాయి. ఒక్కరి పాదమైనా తడవలేదు.

ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగుపందెం వేసుకోగా ఆమె గెలిచారు. కొంతకాలానికి మరల పందెం జరిగినప్పుడు ఆయన గెలిచి, నాటి దానికి ఇది చెల్లు అన్నారు. అబూదావూద్ హదీసు గ్రంథంలోని ఈ ఉల్లేఖనాన్ని మేము ఏటా బోధిస్తాము. విద్యార్థులు నవ్వుతారు, మేమూ నవ్వుతాము. ఇంటికి వచ్చాక దాని ఊసే ఉండదు.

పర్దా మాటేమిటని కొందరు సోదరులు అడుగవచ్చు. సెలవు దినం కాని రోజు చూసుకొని, జనం లేని మలుపు ఎంచుకుంటే చాలును. పర్దా చూపునకూ దుస్తులకూ హద్దు పెట్టినదే గాని, నీటిని నిషేధించలేదు. అసలు భయం వేరే ఉన్నది. ఎగువన సింగూరు నుండి నీరు వదిలితే ప్రవాహం పెరుగుతుంది. ఆనకట్ట రాళ్ల మీద పాచి ఉంటుంది. ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు. స్థానికులను అడిగి, ముందుగా పెద్దలు కర్రతో లోతు చూసి, ఆపైననే ఎవరైనా దిగాలి.

అలాగే చూసి, దూరపు పాయ వద్దకు మా వారిని పంపాము. దేగ్చీలు మేము తోమాము. చాయ్ కూడా మేమే కాచాము. అందులో చక్కెర ఎక్కువైనదని మా ఇల్లాలు నేటికీ అంటున్నది. అస్ర్ నమాజు ముగించి బయలుదేరుదామంటే మా అత్తగారు బండ మీద కూర్చుని నీటిలోని పాదాలు పైకి తీయలేదు. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ మోగించాడు. ఆమె తల తిప్పి అతనిని కూడా దిగి రమ్మన్నారు.