శిశువుల యాటవస్తువులు

ఈ మాసమున, ఇంటనే చేసికొనఁదగిన శిశువుల యాటవస్తువులనుగూర్చి మాకుఁ దెలిసిన నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

శిశువు లోకమును మొదట చేతివ్రేళ్లవలనను, చెవులవలనను, ముక్కువలనను నేర్చుకొనును. అక్షరములు తరువాతివి. ఇటలీదేశపు విదుషి మరియా మాంటిస్సోరి 1907 వ సంవత్సరమున రోము నగరమునఁ బేదల బిడ్డలకై శిశుగృహమును నెలకొల్పి, ఇంద్రియములకుఁ బని గల్పించు సామగ్రిని వాడి చూపెను. ఆమె 1939 లో అడయారునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ మొసంగెను. ఆ సామగ్రికి వెల యెక్కువ. కాని దానిలోఁ గొంత పని మన వంటయింటి వస్తువులతోనే జరుపుకొనవచ్చును.

స్పర్శకు: అరచేయి యంతేసి గుడ్డసంచులు పది కుట్టి, బియ్యము, పెసలు, సెనగలు, ఇసుక, దూది రెండేసి సంచులలో నింపి, మూతులు గట్టిగాఁ గుట్టివేయవలెను. బిడ్డ కన్నులు మూసికొని, తడవి, జతలను గూర్చును.

శబ్దమునకు: ఒకే తీరైన చిన్న డబ్బాలు ఆఱు తీసికొని, రెండింట ఆవాలు, రెండింట కందులు, రెండింట చింతపిక్కలు వేసి, మూతలు ఊడకుండ నంటింపవలెను. ఊపి, విని, జతపఱచుటయే యాట.

వాసనకు: ఏలకులు, వాము, ఎండిన నారింజతొక్క, వట్టివేళ్లు వేఱువేఱు గుడ్డలలో మూటగట్టవలెను. మిరియములు, మిరపకాయలు కూడవు.

ముద్దకు: గోధుమపిండి రెండు గిన్నెలు, మెత్తని యుప్పు ఒక గిన్నె, నూనె ఒక చెంచా, నీరు సుమారొక గిన్నె. నీటిని కొంచెము కొంచెముగాఁ బోయుచు చపాతీపిండివలెఁ బిసుకవలెను. రంగునకై నీటిలోఁ బసుపుగాని, బీటురూటు రసముగాని, పాలకూర రసముగాని చేర్పవచ్చును. పసుపునకు సున్నము గలిపిన నెఱ్ఱనగునని మన మెఱుఁగుదుము. కాని సున్నము చర్మమును, కంటిని గాల్చును గావున దానిని వాడరాదు. ముద్దను మూతగల డబ్బాలో నుంచి, వాసన మాఱినంతనే పాఱవేయవలెను.

ఈ ముద్దలో నుప్పు హెచ్చు. మ్రింగిన హాని చేయును. ప్రతి వస్తువును నోటఁబెట్టు పసివారికి, కుడుములకు వలె నుడికించి చల్లార్చిన వరిపిండి ముద్దయే తగినది. దానిని ఏపూట కాపూట చేయవలెను.

ఇఁక ముఖ్యమైన మాట. మన్ను దిన్నాఁడని యశోద కృష్ణుని నోరు తెఱపించి చూడఁగా బ్రహ్మాండమే కనఁబడెనఁట! మనకుఁ గనఁబడునది గొంతున కడ్డుపడిన గింజయే. మూఁడేండ్లు నిండనివారికి విడి గింజలు, పూసలు, గవ్వలు ఈయరాదు. ముక్కులో దూరిన సెనగగింజ తడికి నుబ్బును. దానిని పిన్నుతోఁ గెలుకక వైద్యునియొద్దకుఁ గొనిపోవలెను. సంచుల కుట్లను, డబ్బాల మూతలను ప్రతిదినమును బరీక్షింపవలెను. గురిగింజలు చూడ ముచ్చటగా నుండును. కాని వానియందుఁ బ్రాణాంతకమగు విషము గలదు. నమలినను, గ్రుచ్చి దండగట్టినను ఆ విషము వెలికివచ్చును. ఆముదపు గింజలును, ఉమ్మెత్త గింజలును అట్టివే. వీనిని ఆటలకు దరిఁజేరనీయరాదు. బిడ్డ నమలినట్లు అనుమానము గలిగినను తడవు సేయక ఆసుపత్రికిఁ జేర్పవలెను.

బిడ్డ యేడ్చినంతనే చేతికి సెల్‌ఫోను నిచ్చుట నేఁడు పరిపాటి యైనది. రెండేండ్లలోపు వారికి తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమున కొక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 లోఁ జెప్పినది. తెరపై బంతి కనఁబడును. దాని బరువు చేతికిఁ దెలియదు.

ఈ యాటలకు వ్యయము స్వల్పము. వలసినది ప్రక్కనఁ గూర్చుండు పెద్దవారొకరు. ఆ పని తల్లికే విధింపఁబడినది గాదు. తండ్రియు దినమున కొక యరగంట చాపపైఁ గూర్చుండవచ్చును. గుడ్డ మాసినదని, నేల పాడైనదని మాటిమాటికి గదమాయింపక, బిడ్డ తడవి తెలిసికొనువఱకు నోపిక పట్టుదుము గాక.