సైలెన్సర్ మార్చుడు సరే, గడ్డిమోపు సంగతేంది?

ఈసారి వడ్ల ముచ్చట కాదు, బండి ముచ్చట.

పోయిన ఎండకాలం మా చిన్నోడు సూర్యాపేట పోయి బండికి వేరే సైలెన్సర్ వేయించుకొచ్చిండు. పొట్టిగ మెరుస్తది. ఊరి పొలిమేరల ఉండంగనే ఇంట్లకు వినబడుతది. ఊకున్న. నెల తిరగకముందే పక్క ప్యానెల్ మైనం లెక్క మెత్తబడి వంగింది. ప్లాస్టిక్కే కదా అనుకున్న.

ఒకనాడు అదే బండి మీద వరిగడ్డి మోపు కట్టుకొని ఆత్మకూర్ తొవ్వల వస్తుంటే కమురు వాసన. దిగి చూస్తే మోపు కింది పక్క నల్లగ మాడి పొగ లేస్తున్నది. తాడు తెంపి కింద పడేసిన. అంటుకొని ఉంటే నా తొడల నడుమ పెట్రోల్ ట్యాంకు! చేతులు చాలాసేపు వణికినయి.

కంపెనీ సైలెన్సర్ మీద రేకు ఎందుకుంటదో మనం ఎన్నడన్న ఆలోచించినమా? అందం కోసం కాదు. రేకుకు, గొట్టానికి నడుమ గాలి ఆడే సందు ఉంటది, ఆ సందే వేడిని ఆపుతది. బయట కొనే వాటిల చానా వాటికి ఆ రేకు ఉండదు. లోపల గాజు ఊలు లాంటిది కుక్కుతరు. అది కాలి పోతే పై తొడుగు ఇంకా కాలుతది. ఇంజను దగ్గరి గొట్టం 200 డిగ్రీలు దాటుతది. ప్యానెల్ ప్లాస్టిక్ ఏమో నీళ్ళు మరిగే వేడికే మెత్తబడుతది. మన యూరియా బస్తా సంచి సంగతి ఇక చెప్పేదేముంది?

వేడి ఆపే గుడ్డ చుట్టుమని కొందరు చెప్తరు. పట్నం బండికి పనికొస్తదేమో గని, బురదల, కాలువ నీళ్ళల్ల తిరిగే మన బండికి ఆ గుడ్డ తడి పట్టుకొని ఇనుప గొట్టం తుప్పు పడుతది. రేకును గొట్టానికి అంటించి కట్టినా లాభం లేదు, రేకూ అంతే కాలుతది. పిల్లలు మార్చుడు మాననే మానరంటే, బుష్షులు పెట్టించి గొట్టాన్ని ప్యానెల్‌కు ఎడం జరపాలె. మీద సందు వదిలి రేకు బిగించాలె. ప్యానెల్ లోపలి దిక్కు అల్యూమినియం టేపు వేయాలె. ఇంత చేసినా ఆ బండి మీద గడ్డి, గోనె సంచులు మాత్రం కట్టొద్దు.

కంపెనీ సైలెన్సర్ ఉన్నోళ్ళు కూడ జర పైలం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 బండ్లకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటది, అది బాగ వేడెక్కుతది. దూరం నుంచి వచ్చి అట్లనే ఎండుగడ్డి మీద, గడ్డివాము పక్కకు ఆపొద్దు. పిల్లల కాలు తగిలి కాలితే టూత్‌పేస్టు పూయకున్రి, 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టి దవాఖానకు పోవాలె.

ఇంకోటి, చప్పుడు హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాక జరిమానా, మూడు నెలల దాక జైలు కూడ ఉన్నది. ఆ పైసలకు ఎన్ని యూరియా బస్తాలు వస్తయో మీరే లెక్క కట్టున్రి.

మా పాత సైలెన్సర్ కొట్టంల అటక మీద ఉండె. దింపి బిగించిన. చిన్నోడు రెండు రోజులు మాట్లాడలే. కొత్తదాన్ని పక్క ఊరి దోస్తుకు అమ్ముత అన్నడు. వాళ్ళ ఇంట్ల గూడ బర్రెలు ఉన్నయి, వద్దన్న.