మైదాకు అయితే అందం, చెప్పుల రంగు అయితే కులమా?

పాతబస్తీ చేతులు - 7

లాడ్ బజార్‌లో పెళ్లికూతురి గోళ్లు మైదాకుతో ఎర్రబడితే "ఎంత బాగా పండిందో" అని మురిసిపోతాం. అదే పాతబస్తీ గల్లీలో చెప్పులకు రంగేసే మనిషి గోళ్లు నల్లబడితే "చేతులు కడుక్కోవా?" అంటాం. రెండూ బయటి నుంచి అంటిన రంగులే. ఒకదానికి అలంకారమని పేరు పెట్టి, రెండోదాన్ని ఆ మనిషి శుభ్రతకు, అక్కడి నుంచి అతని కులానికి అంటగట్టాం.

మైదాకులోని లాసోన్ గోరులోని కెరాటిన్‌ను పట్టేసుకుంటుంది. అందుకే సబ్బుకు లొంగదు. తోలు రంగులు, బూటు పాలిష్, జుట్టుకేసే రంగు, పొగాకు వదిలే మరకలూ మొండివే. ముదురు నెయిల్ పాలిష్ వారాల తరబడి ఉంచినా గోరు పసుపెక్కుతుంది. ఆ పసుపు చూసి ఎవరూ కులం అడగరు!

మచ్చ లోపలిదా, బయటిదా తెలుసుకోవడానికి డాక్టర్లకు ఒక గుర్తుంది. బయటి నుంచి అంటిన రంగు పెరిగి ముందుకు జరిగినప్పుడు, దాని అంచు గోరు మొదట్లోని చర్మం వంపులోనే ఉంటుంది. లోపలి కారణమైతే గోరు అడుగున కనిపించే తెల్లటి నెలవంక వంపులో ఉంటుంది. పైపైన గీకితే పోయేది కూడా బయటిదే.

చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పాత గోరు పూర్తిగా పోవాలంటే ఆరు నెలలు. మైదాకు అలాగే వెళ్లిపోతుంది. పనివాడి మరక పోదు. ఎందుకంటే రేపు పొద్దున మళ్లీ అదే డబ్బాలో చెయ్యి పెట్టాలి. ఆరు నెలల సెలవు అతనికి ఎవరిస్తారు?

మరక దానంతటదే రోగం కాదు. ఆ చెయ్యి ఏ రసాయనంలో నానుతోందో చెప్పే సాక్ష్యం. 1948 ఫ్యాక్టరీల చట్టం రసాయనాలు, పెయింట్ల వల్ల వచ్చే చర్మరోగాన్ని వృత్తి రోగాల జాబితాలో చేర్చింది. కానీ ఆ చట్టం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉంటేనే వర్తించేది. 2020 నాటి కొత్త కోడ్ ఆ సంఖ్యల్ని 20, 40 చేసింది. ఒక్క గదిలో నలుగురైదుగురు కూర్చుని పనిచేసే కార్ఖానా ఏ లెక్కలోకీ రాదు.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. 2015 జనవరిలో ఇదే పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు, ఎక్కువమంది బీహార్ పిల్లలు. గాజుకు గుర్తింపు ఇచ్చాం. గాజు చేసే చేతికి గ్లోవ్స్ ఎప్పుడిస్తాం?

విద్యార్థి మిత్రులారా, మీ బస్తీలో పనిచేసే వాళ్లను అడగండి: ఏం వాడుతున్నారు, డబ్బా మీద ఏం రాసుంది, గ్లోవ్స్ ఎవరిస్తున్నారు? రాసి పెట్టుకోండి. ఒకే గోరు మీద నల్లటి నిలువు గీత కొత్తగా వచ్చి వెడల్పవుతున్నా, చుట్టూ చర్మానికి పాకుతున్నా, రంగులే అనుకుని వదిలేయనివ్వకండి. చర్మరోగాల డాక్టర్ దగ్గరికి వెంట వెళ్లండి.

గోరుకు అంటింది బయటి నుంచి వచ్చింది. మనిషికి అంటగట్టిన "మురికి" కూడా అంతే. మొదటిది పోవాలంటే పని పద్ధతి మారాలి. రెండోది పోవాలంటే చూసే కళ్లు మారాలి.

జై భీమ్.