తెల్లబారిన బండికి రబ్బరు పూత

ఎండకు మీ స్కూటర్ అద్దాల తొడుగులు, నల్ల ప్లాస్టిక్ అంచులు తెల్లబారిపోయాయా? పగుళ్లు లేకపోతే కొత్తవి కొననక్కర్లేదు. డబ్బాలో దొరికే రబ్బరు స్ప్రే కొట్టి చూడండి.

ముందు సబ్బునీళ్లతో జిడ్డు పోయేలా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. చుట్టూ పాత పేపరు పెట్టి టేపు అంటించండి. డబ్బాను బాగా కుదిపి, 6 నుంచి 8 అంగుళాల దూరం నుంచి పలుచగా కొట్టండి. ఒకేసారి నల్లగా రావాలని ఆరాటపడితే కారిపోతుంది. అరగంటకోసారి చొప్పున 4, 5 పూతలు వేయండి. చివరి పూత తడిగా ఉండగానే టేపు తీసేయండి. ఆరాక లాగితే పూత కూడా ఊడొస్తుంది. ఆ తర్వాత 4 గంటలు ముట్టుకోవద్దు.

నచ్చకపోతే పొరలా ఒలిచేయొచ్చు. పూత మరీ పలుచనైతే మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చి విసిగిస్తుంది.

పెట్రోలు పడితే ఈ పూత కరిగిపోతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర వద్దు. సైలెన్సరు, బ్రేకులు, టైర్లు, లైట్ల జోలికి అసలే పోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఇట్టే అంటుకునే సరుకు. పొయ్యికీ దీపానికీ దూరంగా, ఆరుబయట నీడలోనే కొట్టండి. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నా ఆ ఆవిరి ఆగదు. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.