సైలెన్సర్ ఉంటే సైలెంట్ కాదు బావా!

మంగళగిరిలో సైలెన్సర్ అంటే గుర్తొచ్చేది బుల్లెట్ బండే. మొన్న రాత్రి టెక్సాస్ నుంచి బావ వీడియో కాల్ చేసి, "ఒరేయ్, సైలెన్సర్ కొంటున్నా, ఏది తీసుకోమంటావ్?" అనగానే నేనూ బండికే అనుకున్నా. కాదట, రైఫిల్‌కి!

గ్రీన్ కార్డు వచ్చాక బావ అక్కడ అడవిపందుల వేటకి వెళ్తున్నాడు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం సైలెన్సర్‌ని కూడా తుపాకీ కిందే లెక్కిస్తుంది. అక్కడ కాగితాలు పూర్తిచేస్తే షాపులోనే కొనుక్కోవచ్చు.

"సినిమాల్లోలా 'టుప్' అంటుందిగా, ఇక ఇయర్ మఫ్స్ దేనికి?" అన్నాడు. ఒక్క నిమిషం ఆగు బావా అన్నా.

రైఫిల్ పేలితే దాదాపు 160 డెసిబెల్స్. మంచి సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35. అంటే ఇంకా చెవి పక్కన పటాసు పేలినట్టే. గొట్టంలోని అరలు వేడి గ్యాస్‌ని నెమ్మదిగా వదులుతాయి, అంతే. తూటా ధ్వని కన్నా వేగంగా దూసుకెళ్తే వచ్చే 'ఛట్' శబ్దాన్ని అది ఆపలేదు. 1909లో దీనికి పేటెంట్ తీసుకున్న హైరమ్ పెర్సీ మాక్సిమ్ మోటారు ఇంజన్లకీ సైలెన్సర్లు చేశాడు. మన బండి సైలెన్సర్ కూడా మోత తగ్గిస్తుందే గానీ, పూర్తిగా ఆపదు కదా!

ఇక ఎంపిక. ముందు క్యాలిబర్ చూడాలి. తూటా కన్నా సన్న రంధ్రం ఉన్నది బిగిస్తే ప్రాణాలకే ముప్పు. తర్వాత బ్యారెల్ మర కొలత కలవాలి. బ్యారెల్ మరీ పొట్టిదైతే, కంపెనీ చెప్పిన కనీస పొడవు ఉందో లేదో చూసుకోవాలి. పొడవాటి సైలెన్సర్ మోత బాగా తగ్గిస్తుంది కానీ ముందువైపు బరువెక్కుతుంది. పొదల్లో తిరిగేవాడికి పొట్టిదే హాయి. ఏది కొన్నా చెవులకి రక్షణ మాత్రం తీయకూడదు.

"అబ్బా, నువ్వు మరీ భయపెడతావురా" అని నవ్వాడు బావ.

అప్పుడే నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసిన మనిషి. ఆ మోతలో చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు.

"మావయ్యా, బాగున్నారా?" అన్నాడు బావ. నాన్న ఫోన్ వైపు చూసి నవ్వాడు.

"మావయ్యా, భోంచేశారా?"

నాన్న మళ్లీ అదే నవ్వు నవ్వాడు.

బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మఫ్స్ ఉంచుకుంటాలేరా. లోపల ప్లగ్స్ కూడా పెట్టుకుంటా."